రెండు పేర్ల తుఫాను: తెలుగులో సైన్సు పుస్తకానికి ఒక పరీక్ష

2021 సెప్టెంబరు 26 రాత్రి శ్రీకాకుళం జిల్లా కళింగపట్నానికి కాస్త ఉత్తరాన ఒక తుఫాను తీరం దాటింది. దాని పేరు గులాబ్. సరిగ్గా వారానికి, అక్టోబరు 3న, ఒమాన్ ఉత్తర తీరంలో అల్ ముసన్నా, అల్ సువైక్ పట్టణాల మధ్య ఇంకొక తుఫాను తీరం దాటింది. దాని పేరు షాహీన్. పేర్లు రెండైనా బీజం ఒకటే. బంగాళాఖాతంలో పుట్టినది తెలుగు నేల మీదుగా, మహారాష్ట్ర, గుజరాత్‌ల మీదుగా నడిచి, అరేబియా సముద్రంలో మళ్లీ బలం పుంజుకొని ఒమాన్ చేరింది. కళింగపట్నానికీ అల్ సువైక్‌కూ సూటిగా కొలిస్తే సుమారు 2800 కిలోమీటర్ల దూరం. శ్రీకాకుళం నుంచి బతుకుతెరువుకు వెళ్లిన కార్మికుడెవరైనా ఆ రోజుల్లో అల్ సువైక్‌లో ఉండి ఉంటే, ఫోనులో ఇంటివాళ్ల క్షేమం కనుక్కున్న తుఫానే వారం తిరక్కుండా అతని గుమ్మం తట్టిందన్నమాట.

ఇంతటి ఉదంతం తెలుగు అచ్చులోకి ఏ రూపంలో వచ్చింది? ఎక్కువగా పోటీ పరీక్షల బిట్ బ్యాంకుల రూపంలో. గులాబ్ అనే పేరును సూచించిన దేశం ఏది? పాకిస్తాన్. షాహీన్ పేరును సూచించినది? కతార్. అంతకు కొన్ని నెలల ముందు ఒడిశాను తాకిన యాస్ తుఫానుకు పేరిచ్చినది? ఒమాన్. పేర్ల జాబితా తయారుచేసిన దేశాలెన్ని? పదమూడు. పేర్లెన్ని? 169. ఇవన్నీ నిజాలే, ఏ ఒక్కటీ తప్పు కాదు. కాని వీటన్నిటినీ కంఠస్థం చేసిన విద్యార్థిని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, లోటు బయటపడుతుంది: నేల మీద చల్లారిపోయిన తుఫాను రెండో సముద్రంలో మళ్లీ ఎలా లేచింది?

తెలుగులో 'జనరల్ నాలెడ్జి' అన్న మాట క్రమంగా ఈ బిట్లకే పర్యాయపదమైపోయింది. సామాన్య విజ్ఞానం అనే పేరుతో వచ్చే పుస్తకాల్లో ఎక్కువ భాగం జవాబుల పట్టికలు. మరికొన్ని 'వింతలు విశేషాలు' తరహావి. ఎత్తైనది, లోతైనది, వేగమైనది అంటూ ఆశ్చర్యాన్ని పుట్టించి అక్కడే ఆగిపోతాయి. ఇలాంటి పుస్తకాలను తూచడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. పుస్తకం మూసిన తరువాత, అందులో లేని ప్రశ్న ఎదురైతే, చదివినదాన్ని ఆధారం చేసుకొని పాఠకుడు జవాబు కట్టుకోగలడా? కట్టుకోగలిగితే అది సైన్సు పుస్తకం. లేకుంటే ఎన్ని నిజాలు కూర్చినా అది సంఖ్యల సంచి మాత్రమే. ఈ పరీక్ష ఎలా పనిచేస్తుందో చూపడానికి గులాబ్, షాహీన్‌ల కథకు మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

తుఫాను ఒక ఉష్ణయంత్రం. వెచ్చని సముద్రజలం దానికి ఇంధనం. సముద్రపు ఉపరితలం సుమారు 26.5 డిగ్రీల సెల్సియస్‌ను మించి వెచ్చగా ఉన్న చోట నీరు విస్తారంగా ఆవిరవుతుంది. కిలో నీరు ఆవిరి కావడానికి దాదాపు 2500 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆ వేడిని దాచుకొని ఆవిరి పైకి పోతుంది. పైన చల్లబడి మళ్లీ నీటిబిందువుగా మారేటప్పుడు ఆ వేడినంతా అక్కడి గాలికి అప్పగిస్తుంది. వేడెక్కిన గాలి మరింత పైకి లేస్తుంది. కింద పీడనం మరింత తగ్గుతుంది. ఆ వెలితిని పూడ్చడానికి చుట్టూ ఉన్న తేమగాలి మరింత వేగంగా లోపలికి దూసుకొస్తుంది. కింద వెచ్చని నీరున్నంత కాలం ఈ చక్రం తనను తానే పోషించుకుంటుంది.

ఆ వేడి ఎంతో లెక్క వేయడానికి పెద్ద గణితం అక్కరలేదు. షాహీన్ వచ్చినప్పుడు అల్ సువైక్‌కు పొరుగున ఉన్న అల్ ఖాబూరాలో 369 మిల్లీమీటర్ల వాన నమోదైంది. ఆ తీరంలో ఏడాది పొడుగునా పడే వాన 100 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీరు, అంటే ఒక కిలో. కాబట్టి అల్ ఖాబూరాలో ఒక్కొక్క చదరపు మీటరు మీద 369 కిలోల నీరు పడింది. అంత ఆవిరి నీరుగా మారేటప్పుడు వదిలిన వేడి దాదాపు 9 లక్షల 22 వేల కిలోజౌళ్లు. ఇంటి కరెంటు మీటరు తిరిగే లెక్కలో ఒక యూనిట్‌కు 3600 కిలోజౌళ్లు. అంటే ఒక మంచం వేయడానికి కూడా చాలని జాగా మీద పడిన వానలో సుమారు 256 యూనిట్ల శక్తి దాగి ఉంది. ఒక మామూలు కుటుంబానికి నెలంతా సరిపోయే కరెంటు అది. ఇదే లెక్కను చదరపు కిలోమీటరుకు, ఆపైన జిల్లాకు పెంచుకుంటూ పోతే, గాలి చెట్లను ఎందుకు వేళ్లతో పెకలిస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ యంత్రం నేల మీదికి రాగానే ఇంధనం తగ్గిపోతుంది. కింద సముద్రం లేదు, ఆవిరి సరఫరా సన్నగిల్లింది. కొండలూ చెట్లూ కట్టడాలూ గాలికి అడ్డుపడతాయి. అందుకే గులాబ్ తీరం దాటిన తరువాత తుఫాను స్థాయి నుంచి తీవ్ర వాయుగుండంగా, వాయుగుండంగా, చివరకు అల్పపీడనంగా దిగజారింది. అయినా పూర్తిగా చెదిరిపోలేదు. తిరిగే గాలి తన తిరుగుడును కొంతకాలం నిలుపుకుంటుంది. పైగా అది సెప్టెంబరు చివరి వారం, వానాకాలపు తడి నేలలో ఇంకా నిండుగా ఉంది. పొయ్యిలో మంట ఆరినా నిప్పు మిగిలినట్టు, ఆ సుడి అరేబియా సముద్రపు ఈశాన్య మూలకు చేరింది. అక్కడ వెచ్చని నీరు దొరకగానే తిరిగి రాజుకుంది. సెప్టెంబరు 30న వాయుగుండం, అక్టోబరు 1న తుఫాను. మధ్యలో తుఫాను స్థాయిని కోల్పోయి వేరే సముద్రంలో కొత్తగా లేచింది కనుక జాబితాలోని తరువాతి పేరు దానికి దక్కింది. బిట్ బ్యాంకు బట్టీ పట్టించిన రెండు పేర్ల వెనుక ఉన్న కారణం ఇంతే. కారణం తెలిసినవాడికి పేరు మరిచిపోయినా నష్టం లేదు.

ఇక పరీక్షలోని అసలు భాగం. తుఫాను రెండు పట్టణాల మధ్య తీరం దాటుతుందని హెచ్చరిక వచ్చింది. దెబ్బ ఎక్కువగా తగిలేది ఏ పట్టణానికి? ఇది ఏ జాబితాలోనూ దొరకని ప్రశ్న. దీనికి జవాబు భూమి తిరగడంలో ఉంది. ఉత్తరార్ధగోళంలో కదిలే గాలి తన కుడివైపుకు ఒరుగుతుంది. అల్పపీడన కేంద్రం వైపు నలుదిక్కుల నుంచి పరుగెత్తుకొచ్చే గాలులన్నీ ఇలా కుడికి ఒరిగేసరికి, ఆ కేంద్రం చుట్టూ గడియారపు ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతాయి. డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ 1857లో దీన్ని ఒక సులువైన సూత్రంగా చెప్పాడు: ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం ఎడమచేతి వైపు ఉంటుంది. పరికరాలు లేని పడవవాడికి కూడా పనికివచ్చే సూత్రమది.

ఈ సూత్రాన్ని ముందు కళింగపట్నానికి అన్వయించవచ్చు. తుఫాను తూర్పు నుంచి పడమరకు వస్తోంది. దాని ప్రయాణ దిశకు కుడివైపున, అంటే ఈశాన్యంగా ఉన్న తీరంలో, తిరిగే గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది. ఎడమవైపున ఉన్న తీరంలో నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. మొదటిది నీటిని ఒడ్డుకు తోస్తుంది, రెండోది ఒడ్డు నుంచి లాగుతుంది. ఉప్పెన భయం ఎక్కువగా కుడివైపు ఊళ్లకే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్క ప్రకారమే దాదాపు పదివేలమంది పోయారు. తీరాంధ్రలో తుఫాను కుడిచేతి వైపు ఎవరున్నారన్నది చావుబతుకుల ప్రశ్న అని చెప్పడానికి అంతకన్నా వేరే సాక్ష్యం అవసరం లేదు.

అదే సూత్రాన్ని ఇప్పుడు ఒమాన్‌కు తీసుకుపోతే ఏమవుతుంది? అక్కడి తీరం వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగుతుంది. సముద్రం ఈశాన్యాన ఉంది. షాహీన్ తూర్పు నుంచి వచ్చి ముసన్నా, సువైక్‌ల మధ్య నేలనెక్కింది. అల్ సువైక్, దాన్ని దాటి అల్ ఖాబూరా ఆ దారికి కుడివైపున, వాయవ్యంగా ఉన్నాయి. అక్కడ గాలి ఈశాన్యం నుంచి, నేరుగా సముద్రం మీద నుంచి తేమను మోసుకొని వీచింది. ఎడమవైపున, ఆగ్నేయంలో ఉన్న చోట్ల గాలి నేల మీద నుంచి సముద్రంలోకి వీచింది. అతి భారీ వాన అల్ ఖాబూరాలో నమోదు కావడం యాదృచ్ఛికం కాదు. దీనికి తోడు ఇంకొక కారణం ఉంది. అల్ బాతినా అనే ఆ మైదానం ఒక సన్నని పట్టీ. ఒక పక్క సముద్రం, మరో పక్క హజర్ పర్వతాలు. వాటిలో ఎత్తైన జబల్ షమ్స్ సుమారు 3000 మీటర్లు. తేమగాలి ఆ గోడకు తగిలి పైకి ఎక్కక తప్పదు. ఎక్కితే చల్లబడక తప్పదు. చల్లబడితే కురవక తప్పదు. కళింగపట్నంలో నేర్చిన పాఠం 2800 కిలోమీటర్ల అవతల, అద్దంలో చూసినట్టు తిరగబడిన తీరంలో కూడా చెల్లింది. జ్ఞానం అనే మాటకు తగినది ఇలా ఒక చోటు నుంచి మరొక చోటుకు మోసుకుపోగలిగినదే.

కొండల మీద కురిసిన వాన అక్కడే ఆగదు. దాన్ని సముద్రానికి చేర్చే ఎండిన ఏళ్లను అరబ్బీలో వాదీలంటారు. తెలుగులో వాగులు. రెండు మాటల పలుకు దగ్గరగా ఉండటం కాకతాళీయమే అయినా పని మాత్రం ఒకటే. పైన కొండల్లో వాన పడుతుంది, కింద తీరంలో ఎండ కాస్తూ ఉండవచ్చు, అంతలో ఎండిన వాగు నిండా ఎర్రని నీరు దిగుతుంది. ఒమాన్‌లో వరదల్లో పోయే ప్రాణాల్లో ఏటా కొన్ని ఇలా వాదీ దాటబోయిన వాహనాల్లోనివే. తెలంగాణలో, ఆంధ్రలో పొంగే వాగుల మీది కాజ్‌వేల కథా ఇదే. 'నీరు మోకాలి లోతే కదా, బండి బరువైనదే కదా' అన్న ఆ రెండు మాటలే చాలామందిని ముంచాయి.

ఇక్కడ ఆర్కిమిడీస్ సూత్రాన్ని పాఠ్యపుస్తకం నుంచి రోడ్డు మీదికి తీసుకురావచ్చు. ఒక మామూలు కారు నాలుగు మీటర్ల పొడవు, మీటరున్నర పైచిలుకు వెడల్పు ఉంటుందనుకుంటే, దాని అడుగు భాగం సుమారు 6.4 చదరపు మీటర్లు. నీరు ఆ అడుగు భాగాన్ని దాటి పది సెంటీమీటర్లు లేస్తే కారు తొలగించే నీటి బరువు 640 కిలోలు. కారు బరువు 1200 కిలోలైతే, అడుగు భాగం మీద ఇరవై సెంటీమీటర్ల నీరు చాలు, అది తేలడానికి. నేల నుంచి అడుగు భాగం ఇంకొక ఇరవై సెంటీమీటర్ల ఎత్తనుకున్నా మొత్తం లోతు నలభై సెంటీమీటర్లు, అంటే మోకాలి కన్నా తక్కువే. పూర్తిగా తేలకముందే చక్రాల మీది బరువు తగ్గి టైర్లకు నేల పట్టు పోతుంది. ఇక ప్రవాహపు తోపు వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. మరి పెద్ద జీపు తరహా బండి సురక్షితమేనా? దాని బరువు 2200 కిలోలు, అడుగు భాగం తొమ్మిది చదరపు మీటర్లు అనుకొని పాఠకుడే లెక్క వేసుకుంటే, అడుగు మునిగిన తరువాత పాతిక సెంటీమీటర్లకే అదీ తేలుతుందని తెలుస్తుంది. బండి పెరిగితే బరువుతో పాటు వైశాల్యమూ పెరుగుతుంది. దాని ఎత్తు ఇచ్చే కాస్త వెసులుబాటు తప్ప పెద్ద తేడా లేదు. ఆర్కిమిడీస్ ఏ నగరంవాడు అన్న బిట్ ఏ వాగు ఒడ్డునా ఎవరినీ ఆపలేదు. ఈ చిన్న గుణకారం ఆపగలదు.

బిట్ల వల్ల ఉపయోగమే లేదనడం న్యాయం కాదు. ఉద్యోగానికి పోటీపడే యువకుడికి అవి అన్నం పెట్టే మెట్లు. పైగా వివరాలు లేనిదే వివరణ లేదు. 26.5 డిగ్రీలు, 2500 కిలోజౌళ్లు, 369 మిల్లీమీటర్లు తెలియకుండా పై లెక్కల్లో ఒక్కటీ సాగదు. జ్ఞాపకశక్తిని చిన్నచూపు చూసే విద్య కూడా అరకొర విద్యే. అయితే ఎముకలు ఎంత అవసరమైనా ఎముకల పోగు మనిషి కాదు. కీళ్లుండాలి, కండరం ఉండాలి, ఒకటి లాగితే మరొకటి కదలాలి. వేడికీ ఆవిరికీ, ఆవిరికీ గాలికీ, గాలికీ తీరానికీ ఉన్న కీళ్లను చూపించని పుస్తకం పరీక్ష రాసిన మరునాటికి మరుపున పడుతుంది.

తెలుగులో ఆ కీళ్లు చూపించిన రచయితలు లేకపోలేదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పినప్పుడే శాస్త్రం తెలుగులో చెప్పాలన్న సంకల్పం ఉంది. తరువాతి కాలంలో నండూరి రామమోహనరావు పత్రికా సంపాదకుడై ఉండి 'విశ్వరూపం', 'నరావతారం' రాశారు. నక్షత్రాల కథనూ మనిషి పుట్టుక కథనూ కార్యకారణ క్రమం తెగకుండా నడిపిన పుస్తకాలవి. మహీధర నళినీమోహన్ శాస్త్రవేత్త అయి ఉండి పిల్లలకు అర్థమయ్యే తెలుగు రాశారు. కొడవటిగంటి రోహిణీప్రసాద్ అణుశాస్త్ర రంగంలో పనిచేస్తూ, వేమూరి వేంకటేశ్వరరావు కాలిఫోర్నియాలో కంప్యూటర్ శాస్త్రం బోధిస్తూ తెలుగు పాఠకుడిని మరిచిపోలేదు. వీరందరిలోనూ కనబడే సామాన్య లక్షణం పాఠకుడి బుద్ధి మీద గౌరవం. జవాబు చేతిలో పెట్టి పంపకుండా, దారి వెంట నడిపించి, చివరి రెండడుగులు అతనినే వేయనిచ్చే రచన అది. కొరత ఏమిటంటే, ఆ దారిలో గాలి, వాన, నేల, వాగు వంటి దగ్గరి విషయాల మీద నిండు పుస్తకాలు చాలినన్ని రాలేదు. నక్షత్రాల గురించి తెలుగులో చదవడం సులువు. ఊరిని ముంచే ఉప్పెన గురించి చదవడం కష్టం.

మాటలు లేవన్న సాకు కూడా నిలవదు. 'సైక్లోన్' అన్న ఆంగ్లపదాన్ని 1848లో కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ పాము చుట్టను స్ఫురింపజేసే గ్రీకు మాట నుంచి తయారుచేశాడు. తెలుగులో 'వాయుగుండం' అన్న మాటలో ఆ చుట్ట ముందే ఉంది. సుడిగుండం తెలిసిన ప్రతి తెలుగువాడికీ ఆ పదం వినగానే బొమ్మ కళ్లకు కడుతుంది. 'ఉప్పెన' అన్నది పారిభాషిక పదకోశం నుంచి పుట్టింది కాదు, తీరవాసుల నోట నలిగిన మాట. కిలోజౌలు, సెల్సియస్ వంటివాటిని ఉన్నవున్నట్టు తీసుకుంటే సరిపోతుంది. మాటలు ఉన్నాయి, లెక్కలు ఉన్నాయి, విషయం ఇంటి ముంగిటకే వచ్చి నిలిచింది. రాసే పని ఒక్కటే మిగిలింది.

ఆ పని తొందర కలిగినదే. అరేబియా సముద్రం వేడెక్కుతోందనీ, అక్కడ తీవ్రమైన తుఫానులు పెరుగుతున్నాయనీ ఇటీవలి దశాబ్దాల పరిశీలనలు చెబుతున్నాయి. ఏ ఒక్క తుఫానునూ వాతావరణ మార్పుకే అంటగట్టలేకపోయినా, వెచ్చని నీరు ఇంధనమన్న పై పాఠం తెలిసినవారికి ఆ వార్త ఆశ్చర్యం కలిగించదు. ఒమాన్ ఉత్తర తీరాన్ని అలా నేరుగా తాకిన తుఫాను 1890 తరువాత షాహీనే అంటారు. తరువాతిది మళ్లీ నూటముప్పై ఏళ్లు ఆగుతుందన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. అల్ సువైక్ తీరంలో తోటల్లో, దుకాణాల్లో, ఆసుపత్రుల్లో, నిర్మాణపు పనుల్లో ఉన్న తెలుగువారికి హెచ్చరికలు అరబ్బీలోనో ఆంగ్లంలోనో వస్తాయి. హెచ్చరికను అనువదించడం సులువు. కుడివైపు తీరమంటే ఏమిటో, ఎండలో వాగు ఎందుకు పొంగుతుందో, మోకాలి లోతు నీరు కారును ఎలా లేపుతుందో ముందే తెలిసి ఉండకపోతే అనువాదం చెవికి చేరుతుంది గాని కాలిని ఆపదు.

కాబట్టి ఇకమీదట తెలుగు సైన్సు పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్న సమీక్షకుడు అందులో ఎన్ని విషయాలున్నాయని లెక్కపెట్టనక్కరలేదు. చివరి పుట తరువాత ఒక కొత్త ప్రశ్న వేసి చూస్తే చాలు. పేరు లేని మూడో తుఫాను, చూడని మూడో తీరం ఇచ్చి, ఏ ఊరిని ముందుగా ఖాళీ చేయించాలో అడగాలి. ఆ పుస్తకం చదివిన పదో తరగతి పిల్ల గాలికి వీపు పెట్టి నిలబడి ఎడమచేయి చాపి జవాబు చెప్పగలిగితే, ఆ పుస్తకానికి ఇంకే యోగ్యతాపత్రం అవసరం లేదు.